అడుగులు లేని నాట్యం: షోపాన్ సి షార్ప్ మైనర్ వాల్ట్జ్

పాశ్చాత్య సంగీతంలో వాల్ట్జ్ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, స్త్రీ పురుషులు జంటగా ఒకరినొకరు పట్టుకుని గిరగిర తిరుగుతూ చేసే నాట్యం. రెండోది, ఆ నాట్యానికి తోడుగా వాయించే మూడు దరువుల సంగీతం. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో ఈ సంగీతం నాట్యం నుంచి మెల్లగా విడివడి, ఎవరూ అడుగు కదపనక్కర్లేని, కూర్చుని వినడానికే ఉద్దేశించిన చిన్న చిన్న పియానో రచనలుగా రూపుకట్టింది. ఆ పరిణామాన్ని అతి సున్నితంగా చూపించే రచనల్లో, పోలెండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఫ్రెడరిక్ షోపాన్ 1847లో ప్రచురించిన సి షార్ప్ మైనర్ వాల్ట్జ్ ముందు వరసలో నిలుస్తుంది. వాయించడానికి మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టని ఈ రచన నాట్యపు లయను పునాదిగా ఉంచుకుని, దాని మీద నాట్యమందిరపు సందడికి ఆమడ దూరంలో ఉండే ఒక ఏకాంతాన్ని నిర్మించింది. అది ఎలా సాధ్యమైందో తెలుసుకోవాలంటే ముందు ఆ నాట్యం గురించి, తరువాత ఆ స్వరకర్త గురించి, చివరగా రచనలోని ప్రతి భాగం గురించి కొంత తెలియాలి.

వాల్ట్జ్ అన్న పేరు గుండ్రంగా తిరగడాన్ని, దొర్లడాన్ని సూచించే జర్మన్ క్రియ నుంచి వచ్చింది. ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లెల్లో రైతులు చేసే లెండ్లర్ వంటి జానపద నాట్యాలు దీనికి మూలం. రాజాస్థానాల్లో అంతవరకు ఆదరణ పొందిన మినుయెట్‌లో జంటలు వేళ్లు మాత్రమే తాకించుకుంటూ మర్యాదగా దూరం పాటించేవారు. వాల్ట్జ్‌లో పురుషుడు స్త్రీ నడుము చుట్టూ చేయి వేసి, ఇద్దరూ ఎదురెదురుగా దగ్గరగా నిలిచి తిరగాలి కనుక, పద్దెనిమిదో శతాబ్దం చివర ఇది పట్టణాలకు పాకినప్పుడు పెద్దలు దీన్ని సభ్యతకు భంగమని తీవ్రంగా నిరసించారు. అయినా యువతరం దాన్ని వదల్లేదు. నెపోలియన్ ఓటమి తరువాత ఐరోపా సరిహద్దులను తిరిగి గీయడానికి 1814, 1815 సంవత్సరాల్లో వియన్నాలో సమావేశమైన రాజులు, మంత్రులు, దౌత్యవేత్తలు విందుల్లో ఈ నాట్యం చేయడంతో దానికి గౌరవం కూడా దక్కింది. తరువాతి దశకాల్లో యోసెఫ్ లానర్, పెద్ద యోహాన్ స్ట్రాస్ తమ వాద్యబృందాలతో వియన్నా నగరాన్ని వాల్ట్జ్‌ల ఊపులో ముంచెత్తారు.

దాదాపు అదే సమయంలో మరో ధార కూడా మొదలైంది. వియన్నాలో స్వరకర్త షూబెర్ట్ తన మిత్రుల ఇళ్లలో వాయించడానికి చిట్టి వాల్ట్జ్‌లు ఎన్నో రాశాడు. మరో స్వరకర్త కార్ల్ మరియా ఫాన్ వేబర్ 1819లో ఒక యువకుడు యువతిని నాట్యానికి ఆహ్వానించే సన్నివేశాన్ని పియానో మీద చిత్రిస్తూ, వినడానికే ఉద్దేశించిన వాల్ట్జ్‌ను రచించాడు. ఇది ఐరోపాలో కాల్పనికోద్యమం వేళ్లూనుతున్న కాలం. తెలుగులో భావకవిత్వానికి ప్రేరణగా నిలిచిన ఆంగ్ల కవులు ఏ ఉద్యమానికి చెందినవారో ఆ ఉద్యమమే సంగీతంలోనూ వ్యక్తి అనుభూతికి, స్మృతికి, విరహానికి, స్వదేశంపై మమకారానికి పెద్దపీట వేసింది. సుదీర్ఘంగా సాగే సింఫొనీలతో పాటు, ఒకే ఒక్క మనఃస్థితిని పట్టుకునే చిన్న పియానో రచనకు కూడా ఆ కాలంలోనే కావ్యగౌరవం లభించింది.

1810లో వార్సా సమీపంలోని జెలజోవా వోలా గ్రామంలో పుట్టిన షోపాన్ ఇరవై ఏళ్ల వయసులో, 1830 నవంబరులో, సంగీత ప్రస్థానం కోసం వియన్నా చేరుకున్నాడు. చేరిన వారం రోజుల్లోనే వార్సాలో రష్యా పాలనపై తిరుగుబాటు మొదలైంది. మరుసటి ఏడాది అది అణచివేతకు గురైంది. ఆ తరువాత షోపాన్ మళ్లీ పుట్టిన నేల మీద కాలు పెట్టలేదు. వియన్నాలో గడిపిన ఆ ఎనిమిది నెలల్లో అతడికి పెద్దగా ఆదరణ దొరకలేదు. ప్రచురణకర్తలకు స్ట్రాస్, లానర్‌ల వాల్ట్జ్‌లే కావాలి, శ్రోతలకూ అవే కావాలి. ఆ వాతావరణం తనకు సరిపడదని అతడు ఇంటికి రాసిన ఉత్తరాల్లో చెప్పుకున్నాడు. అయితే వాల్ట్జ్ అన్న రూపాన్ని మాత్రం అతడు విడిచిపెట్టలేదు. 1831 శరదృతువులో పారిస్ చేరిన తరువాత ఆ రూపాన్నే తనదైన పద్ధతిలో మలచుకున్నాడు.

పారిస్‌లో షోపాన్ జీవనాధారం ప్రధానంగా పాఠాలు చెప్పడం. పెద్ద సభామందిరాల్లో వాయించడం అతడికి ఇష్టం లేదు. జీవితం మొత్తం మీద అతడు చేసిన బహిరంగ కచేరీలు ముప్ఫైకి అటూ ఇటూగా మాత్రమే ఉంటాయి. సంపన్నుల ఇళ్లలోని సలోన్‌లు, అంటే కవులు, చిత్రకారులు, గాయకులు, కళాభిమానులు కూడే విశాలమైన ముందుగదులు, అతడి అసలు వేదికలు. అక్కడ దీపాల వెలుగులో పాతిక ముప్ఫై మంది మధ్య వాయించే సంగీతానికి గొంతు పెంచవలసిన అవసరం లేదు. 1834లో వెలువడిన మొదటి వాల్ట్జ్ నుంచి అతడు బతికుండగా ప్రచురించినవి ఎనిమిది మాత్రమే; మిగిలినవి అతడి మరణం తరువాత మిత్రుల ద్వారా, శిష్యుల దగ్గర దొరికిన కాగితాల ద్వారా వెలుగులోకి వచ్చాయి. తొలి వాల్ట్జ్‌లలో నాట్యమందిరపు ధగధగలు ఇంకా కనిపిస్తాయి. రాను రాను ఆ వెలుగు తగ్గి, లోపలి నీడలు పెరిగాయి.

సి షార్ప్ మైనర్ వాల్ట్జ్ ఓపస్ 64లోని మూడు వాల్ట్జ్‌లలో రెండోది. ఓపస్ అంటే స్వరకర్త రచనలకు ప్రచురణ క్రమంలో ఇచ్చే సంఖ్య. 1846, 1847 సంవత్సరాల్లో రూపొందిన ఈ మూడూ షోపాన్ స్వయంగా ప్రచురించిన చివరి వాల్ట్జ్‌లు. అప్పటికే క్షయ లక్షణాలు అతడి శరీరాన్ని కుంగదీస్తున్నాయి. రచయిత్రి జార్జ్ సాండ్‌తో తొమ్మిదేళ్ల సాహచర్యం 1847 వేసవిలో తెగిపోయింది. ఆ వ్యక్తిగత దుఃఖమే ఈ రచనకు కారణమని తేల్చి చెప్పడం సరికాదు, ఎందుకంటే సంగీతం దినచర్య పుస్తకం కాదు. కానీ ఏ అలంకారం అవసరమో ఏది కాదో తెలిసిన పరిణతి మాత్రం ఇందులో ప్రతి చోటా కనిపిస్తుంది. ఈ వాల్ట్జ్‌ను అతడు తన శిష్యురాలు, ప్రసిద్ధ బ్యాంకింగ్ కుటుంబానికి చెందిన షార్లట్ ద రోత్‌షిల్డ్‌కు అంకితమిచ్చాడు. ఈ ఓపస్‌లో దీనికి ముందున్న మొదటి వాల్ట్జ్ లోకంలో ‘మినిట్ వాల్ట్జ్’గా పేరుబడింది, కానీ నిమిషంలో ముగించాలన్న ఆదేశం షోపాన్ ఎక్కడా ఇవ్వలేదు, సాధారణంగా దాన్ని వాయించడానికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది.

రచన పేరులోని సి షార్ప్ అన్నది ఆధార శ్రుతి. కర్ణాటక సంగీత విద్వాంసుల భాషలో చెప్పాలంటే అది ఒకటిన్నర శ్రుతి. హార్మోనియం మీద ఒకటో తెల్ల మెట్టుకు, రెండో తెల్ల మెట్టుకు మధ్యనున్న నల్ల మెట్టును షడ్జంగా తీసుకోవడం. మైనర్, మేజర్ అన్నవి పాశ్చాత్య సంగీతంలోని రెండు ప్రధాన స్వరక్రమాలు. మైనర్‌లో సాధారణ గాంధారం, మేజర్‌లో అంతర గాంధారం పలుకుతాయి. స్వరస్థానాల వరకే చూస్తే మైనర్ ఒక రూపంలో నటభైరవికి, మరో రూపంలో కీరవాణికి సరిపోతుంది, మేజర్ ధీరశంకరాభరణానికి సరిపోతుంది. రాగానికి ప్రాణమైన గమకం, సంచారం అక్కడ ఉండవు కనుక ఈ పోలిక స్వరాల మెట్ల వరకే పరిమితమైనా, శ్రోత చెవికి దారి చూపడానికి అది చాలు.

ఇప్పుడు రచన నిర్మాణాన్ని దగ్గరగా చూడవచ్చు. ఇందులో మొత్తం 192 బార్లు ఉన్నాయి. బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం వంటిది, వాల్ట్జ్‌లో ఒక్కో బార్‌కు మూడు దరువులు. ఆ 192 బార్లు ముప్ఫై రెండేసి చొప్పున ఆరు భాగాలుగా విడిపోతాయి. అయితే విషయం దృష్ట్యా భాగాలు మూడే. వాటిని ఒకటి, రెండు, మూడు అనుకుంటే వచ్చే వరస ఒకటి, రెండు, మూడు, రెండు, ఒకటి, రెండు. ఈ వరసలోనే రచన రహస్యం దాగి ఉంది. మొదటి భాగం రెండుసార్లు, మూడో భాగం ఒక్కసారి, రెండో భాగం మాత్రం మూడుసార్లు వినిపిస్తుంది.

ఎడమ చేయి దాదాపు రచన అంతటా ఒకే పని చేస్తుంది. మొదటి దరువులో మంద్రస్థాయిలో ఒక స్వరాన్ని మోపి, రెండో దరువులోనూ మూడో దరువులోనూ కొంచెం పైన రెండు మూడు స్వరాలను కలిపి మెత్తగా తాకుతుంది. ఇలా కలిపి పలికించే స్వరాల గుచ్ఛాన్ని కార్డ్ అంటారు. బరువైన ఒక దరువు, తేలికైన రెండు దరువులు. తిరుగుతున్న జంట పాదం గట్టిగా మోపి తరువాత రెండడుగులు తేలినట్టు ఉండే ఈ నడక వాల్ట్జ్ అన్న రూపానికి వెన్నెముక. నాట్యం గురించిన జ్ఞాపకం మొత్తం ఎడమ చేతిలోనే ఉంది. కుడి చేయి ఆ జ్ఞాపకం మీద ఆలోచిస్తుంది.

మొదటి భాగంలో కుడి చేయి ఒకేసారి రెండు స్వరాలను జంటగా పలికిస్తూ మొదలవుతుంది. ఆ రెంటి మధ్య దూరం సుమారుగా షడ్జానికీ ధైవతానికీ ఉన్నంత. ఒకే మాటను ఇద్దరు కలిసి మెల్లగా అంటున్నట్టు ఉండే ఆ జంటస్వరాలు నిట్టూర్పులా కిందికి దిగుతాయి. వాటి వెనువెంటనే చిన్న కుదుపుతో కూడిన ఒక లయ వస్తుంది. అందులో పోలెండ్ జానపద నాట్యమైన మజుర్కా ఛాయలున్నాయని సంగీతజ్ఞులు చాలాకాలంగా గుర్తిస్తూ వచ్చారు. వియన్నా నుంచి వచ్చిన నాట్యరూపంలో, పారిస్‌లో కూర్చుని, తిరిగి వెళ్లలేని పోలెండ్ పల్లెల అడుగును షోపాన్ ఇలా రెండు మూడు స్వరాల్లో దాచుకున్నాడు. ఈ భాగానికి అతడు ఇచ్చిన కాలసూచన తొందర లేని, తగిన వేగం అన్న అర్థాన్ని ఇస్తుంది.

రెండో భాగంలో వేగం పెరుగుతుంది. ఒక్కో బార్‌కు ఆరేసి చొప్పున స్వరాలు తెంపు లేకుండా సాగుతూ, గాలికి లేచిన ఆకు సుడులు తిరుగుతూ నేలకు దిగినట్టు తారస్థాయి నుంచి కిందికి జారి, నేలను తాకకముందే మళ్లీ పైకి లేస్తాయి. ఇందులో పాడుకోవడానికి వీలైన పాట లేదు; ఉన్నది కేవలం తిరుగుడు. మొదటి భాగంలో మాటలు పలికిన మనసు ఇక్కడ మాట మానేసి తనలో తాను తిరుగుతున్నట్టు ఉంటుంది. చేతివేళ్లకు ఈ భాగం పెట్టే పరీక్ష కూడా చిన్నది కాదు, ఎందుకంటే ప్రతి స్వరం సమానంగా పలకాలి, ఏదీ బరువెక్కకూడదు, అయినా ఆ స్వరాల అంచుల మీదుగా ఒక సన్నని రాగరేఖ వినబడాలి.

మూడో భాగం వచ్చేసరికి వేగం తగ్గుతుంది, స్వరాలు నిడివి సంతరించుకుంటాయి, వెలుగు మారుతుంది. శ్రుతి పేరు సి షార్ప్ మైనర్ నుంచి డి ఫ్లాట్ మేజర్‌గా మారుతుంది. సి షార్ప్ అన్నా డి ఫ్లాట్ అన్నా పియానో మీద ఒకే నల్ల మెట్టు. రాతలో పేరు వేరు, వేలు నొక్కే చోటు ఒకటే. అంటే షడ్జం కదలలేదు, గాంధారం మాత్రం సాధారణ స్థానం నుంచి అంతర స్థానానికి ఒక్క మెట్టు పైకి జరగగా, దానితో పాటు మరికొన్ని స్వరాలూ జరిగాయి. అదే గదిలో కూర్చుని ఉండగానే కిటికీ తెరుచుకున్నట్టు అనిపించే ఈ మార్పు, దుఃఖమూ సాంత్వనా ఒకే చోట నుంచి పుడతాయని నిశ్శబ్దంగా చెబుతుంది. ఇక్కడ కుడి చేయి గాయకుడిలా దీర్ఘంగా పాడి, రెండో విడతలో అదే పాటను మరికొన్ని అలంకారాలతో పలుకుతుంది.

ఆ పాట ముగిసిన చోట సుడి తిరుగుడు మళ్లీ మొదలవుతుంది. స్వరాలు మారలేదు, కానీ వెలుగు చూసి వచ్చిన తరువాత వింటున్నందున అది మొదటిసారి విన్నదానిలా ఉండదు. కృతి విన్న తెలుగు శ్రోతకు ఈ అనుభవం కొత్తది కాదు. అనుపల్లవి తరువాత వచ్చే పల్లవీ, చరణం తరువాత వచ్చే పల్లవీ మాటల్లోనూ స్వరాల్లోనూ ఒకటే అయినా, మధ్యలో మనసు చేసిన ప్రయాణాన్ని బట్టి ప్రతిసారీ కొత్త అర్థంతో పలుకుతాయి. షోపాన్ వాల్ట్జ్‌లో రెండో భాగం అలాంటి పల్లవి. తేడా ఒక్కటే, అది మాటలు లేని పల్లవి.

ఈ సంగీతం పియానో మీద ఎందుకింత సున్నితంగా నిలిచిందో తెలియాలంటే ఆ వాద్యపు పరిమితి కూడా తెలియాలి. పియానోలో మెట్టును నొక్కితే, లోపల మెత్తని ఫెల్ట్ తొడిగిన చిన్న సుత్తి తీగను తాకి వెంటనే వెనక్కి వస్తుంది; ఆ క్షణం నుంచి స్వరం తగ్గిపోవడమే తప్ప పెరగదు. వీణ మీద తీగను లాగినట్టు, వేణువులో ఊపిరిని మార్చినట్టు, పలికిన స్వరాన్ని వంచడానికీ ఊపడానికీ వీలు లేదు. గమకం సాధ్యం కాని వాద్యంతో గాత్రపు భ్రమ కలిగించాలంటే వాదకుడి చేతిలో మిగిలే సాధనాలు ప్రధానంగా మూడు: వేలి బరువు, తీగల మోతను నిలిపి ఉంచే పెడల్, కాలం. ఇటలీ సంగీతరూపకాల్లో పాడే గొప్ప గాయకుల గాత్రాన్ని శ్రద్ధగా వినమని షోపాన్ తన శిష్యులకు చెప్పేవాడు. మృదువైన పలుకుకు పేరుపొందిన ప్లేయెల్ కంపెనీ పియానోలంటే అతడికి మక్కువ.

కాలాన్ని సాధనంగా వాడుకునే పద్ధతికి రుబాటో అని పేరు. ఇటాలియన్‌లో దీనికి దొంగిలించినది అని అర్థం. ఒక స్వరం దగ్గర కొంచెం ఆగి, ఆ ఆలస్యాన్ని తరువాతి స్వరాల దగ్గర సర్దుకోవడం ఇందులోని సూత్రం. శిష్యులు రాసి పెట్టిన జ్ఞాపకాల ప్రకారం, ఎడమ చేయి బృందనాయకుడిలా కాలప్రమాణం తప్పకుండా నడవాలని, కుడి చేయి మాత్రం గాయకుడిలా స్వేచ్ఛ తీసుకోవచ్చని షోపాన్ చెప్పేవాడు. తాళం వేసే చేయి నిలకడగా ఉండగా గాయకుడు అనాగతంగానో అతీతంగానో ఎత్తుకుని ఆవర్తంలోకి చేరుకోవడం తెలిసిన వారికి ఈ సూత్రంలోని సొగసు వెంటనే అందుతుంది. ఈ నిగ్రహం లోపిస్తే సి షార్ప్ మైనర్ వాల్ట్జ్ వట్టి విలాపంగా దిగజారుతుంది; స్వేచ్ఛ లోపిస్తే గడియారపు చప్పుడవుతుంది.

షోపాన్ 1849 అక్టోబరు 17న పారిస్‌లో ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూశాడు. వియన్నాను తన వాల్ట్జ్‌లతో ఊపేసిన పెద్ద యోహాన్ స్ట్రాస్ అదే ఏడాది సెప్టెంబరులో మరణించాడు. ఒకే నాట్యరూపాన్ని చెరో దారిన నడిపించిన ఇద్దరూ కొద్ది వారాల తేడాతో వెళ్లిపోయారు. నాట్యానికి దూరంగా జరిగిన షోపాన్ వాల్ట్జ్‌ను ఇరవయ్యో శతాబ్దం తిరిగి నాట్యరంగం మీదికే తీసుకువచ్చింది. రష్యన్ నాట్యకర్త మిఖాయిల్ ఫోకిన్ కోరిక మీద అలెగ్జాండర్ గ్లాజునోవ్ ఈ వాల్ట్జ్‌ను వాద్యబృందానికి అనువుగా మలచగా, 1907లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అన్నా పావ్లోవా దానికి నర్తించింది. రెండేళ్ల తరువాత అదే కల్పన ‘లే సిల్ఫీద్’ అన్న పేరుతో పారిస్‌లో ప్రదర్శితమై, కథ లేకుండా మనఃస్థితిని మాత్రమే చూపే బ్యాలేకు తొలి గొప్ప ఉదాహరణల్లో ఒకటిగా నిలిచింది. నాట్యమందిరపు జంటలకు ఒదగని సంగీతానికి, గాలిలో తేలే తెల్లని ఆకృతులుగా మారిన నర్తకులు సరిపోయారు.

వాదకులు కూడా ఈ రచనలో ఎవరి లోతును వారు వెతుక్కున్నారు. సెర్గేయ్ రహ్మానినోవ్ 1927లో చేసిన రికార్డింగ్, ఆర్థర్ రూబిన్‌స్టీన్ 1960లలో చేసిన రికార్డింగ్ పక్కపక్కన వింటే, ఒకే లిపి నుంచి రెండు వేర్వేరు స్వభావాలు ఎలా పలుకుతాయో తెలుస్తుంది. రుమేనియాకు చెందిన దిను లిపట్టి 1950 సెప్టెంబరు 16న ఫ్రాన్స్‌లోని బెజాన్సోన్ నగరంలో, తీవ్రమైన అనారోగ్యంతో, వైద్యుల వారింపును కాదని తన చివరి కచేరీ చేశాడు. షోపాన్ వాల్ట్జ్‌లు పద్నాలుగు వాయించాలని సంకల్పించి, పదమూడు ముగించేసరికి శక్తి ఉడిగి చివరిదాన్ని వాయించలేకపోయాడు. మరో రెండున్నర నెలలకు, ముప్ఫై మూడేళ్ల వయసులో, మరణించాడు. ఆ కచేరీ రికార్డింగ్‌లో వినిపించే వాల్ట్జ్‌లలో నిస్సత్తువ జాడ లేదు. నాట్యపు తేలికదనం చివరిదాకా చెదరలేదు.

హైదరాబాద్ వంటి నగరాల్లో పాశ్చాత్య సంగీత పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులకూ, విదేశాల్లో పెరుగుతూ పియానో నేర్చుకుంటున్న తెలుగు పిల్లలకూ కొన్నేళ్ల సాధన తరువాత షోపాన్ వాల్ట్జ్‌లు ఎదురవుతాయి. సి షార్ప్ మైనర్ వాల్ట్జ్‌లోని స్వరాలను చేతికి తెచ్చుకోవడం ఓపికతో సాధ్యమే. అదే రెండో భాగాన్ని మూడుసార్లు వాయిస్తూ మూడుసార్లూ వేరుగా పలికించడం మాత్రం పుస్తకంలో రాసి ఉండదు.

మూడోసారి వచ్చినప్పుడు ఆ భాగానికి ముందు మొదటి భాగపు నిట్టూర్పు కూడా తిరిగి వినబడి ఉంటుంది. మూడో భాగం చూపిన వెలుగు ఇక రాదు; రచన ఆ వైపు తిరిగి చూడదు. పెద్ద ముగింపు కోసం ఎదురుచూసే శ్రోతకు ఘనమైన కార్డ్‌లు గానీ, విజయగీతం గానీ దొరకవు. సుడి తిరిగే స్వరాలు ఎప్పటిలా దిగి, ఎప్పటిలా పైకి లేచి, ఈసారి అక్కడే ఆగిపోతాయి. ఎడమ చేయి మోపుతూ వచ్చిన మూడు దరువుల నడక ఆగిన తరువాత కూడా కొద్ది క్షణాలు చెవిలో సాగుతూనే ఉంటుంది. నాట్యం చేసిన పాదాలు ఎక్కడా లేవు, వాటి లయ మాత్రం మిగిలింది. షోపాన్ రాసిపెట్టింది ఆ మిగిలినదాన్నే.